రెండో హాజరు

ఈసారి కొంచెం పెద్దదే రాశాను, తీరిక ఉన్నప్పుడు చదవండి. అక్షరదోషాలు ఉంటే ఎప్పటిలాగే క్షమించాలి. తెలుగు నేను బడిలో నేర్చుకున్నది కాదని మీకు తెలుసు.

పోయిన నెల మీటింగు అయ్యాక టీ తాగుతుంటే మన సెక్రటరీ గారు నవ్వుతూ ఒక మాట అడిగారు. "గుమాస్తా గారూ, మీ వాళ్ళు ఎప్పుడు చూసినా రాకడ, రాకడ అంటారు. రెండు వేల ఏళ్ళ నుంచి వస్తాడు వస్తాడు అనే చెప్తున్నారు. మీరు రైల్వేలో చేశారు కదా, ఇంత లేటు బండి ఎక్కడైనా చూశారా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన వెటకారంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. కానీ అప్పుడు నా నోట జవాబు రాలేదు. ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఆలోచించాను. జవాబు రాకపోవడానికి కారణం వేరే ఉంది. అది చెప్పాలంటే నా తప్పొకటి కూడా చెప్పాలి.

ముందు చిన్నప్పటి సంగతి. మా నాన్న అరక్కోణంలో రైల్వే కలాసీ. అమ్మది ఈ గంజాం వైపే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో పూర్తిగా తమిళం. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది, పలక లేకుండా, బైబిలూ కీర్తనల పుస్తకమూ ముందు పెట్టుకుని. అందుకే ఇప్పటికీ నా తెలుగు అటు గ్రాంథికం, ఇటు గంజాం యాసగా ఉంటుందని మా ఇంటావిడ ఎగతాళి చేస్తుంది.

ఆదివారం మాత్రం పక్కనే ఉన్న తమిళ చర్చికి వెళ్ళేవాళ్ళం. తమిళంలో రాకడని 'వరుగై' అంటారు. రెండవ రాకడ 'ఇరండామ్ వరుగై'. బడిలో హాజరు పుస్తకానికి పేరు 'వరుగై పదివేడు'. అదే మాట! బడిలో హాజరు రెండుసార్లు వేసేవారు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒకసారి. పాస్టర్ అయ్యగారు పుల్పిట్ మీద నుంచి ఇరండామ్ వరుగైకి సిద్ధంగా ఉండండి, ఆ వేళకి దొరకనివాడు ఏడుస్తాడు అని చెప్తుంటే, ఏడేళ్ళ నాకు అర్థమైంది ఒకటే: యేసుప్రభువు మధ్యాహ్నం హాజరు వేయడానికి వస్తాడని. మా క్లాసులో సగంమంది అన్నం తినేసి ఇంజన్లు చూడటానికి గోడ దూకి పోయేవాళ్ళు. నేనూ అప్పుడప్పుడు పోయేవాణ్ణి. ఆ రోజుల్లో నా దైవభయమంతా ఆ గోడ దగ్గరే ఉండేది. పేరు పిలిస్తే "ఉళ్ళేన్ అయ్యా" అనాలి. అంటే ఉన్నానయ్యా అని. అనకపోతే బెత్తం.

ఈ సంగతి పెద్దయ్యాక ఒక పాస్టర్ గారికి చెప్తే ఆయన నవ్వి, నువ్వు పెద్దగా తప్పు అర్థం చేసుకోలేదయ్యా అన్నారు.

1982లో ఉద్యోగంలో చేరాను. అప్పటికి మనది సౌత్ ఈస్టర్న్ రైల్వే, 2003లో కదా ఈస్ట్ కోస్ట్ అయింది. ఖుర్దా రోడ్ డివిజన్లో నాలుగైదు స్టేషన్లు తిరిగాను. బుకింగ్, పార్సెల్, మళ్ళీ బుకింగ్. పెళ్ళి పురుషోత్తంపూర్ అమ్మాయితో. రిటైరయ్యాక ఇక్కడే చిన్న ఇల్లు వేసుకున్నాం. బతుకంతా రైలు పక్కన గడిపి, రైలు ఎక్కాలంటే ఛత్రపురమో బరంపురమో పోవలసిన ఊళ్ళో తేలాను. ఏం చేస్తాం.

బుకింగ్ క్లర్కు బతుకులో భయం ఒకటే, టి.ఐ.ఎ. అకౌంట్స్ ఇన్‌స్పెక్టరు. రైల్వేలో చేసిన వాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. ఆయన ఎప్పుడొస్తాడో తెలీదు. మామూలు ప్రయాణికుడిలా బండి దిగి, బయట టీ తాగి, నెమ్మదిగా కౌంటర్ తలుపు తోసుకుని లోపలికొచ్చి "క్యాష్ మీద చెయ్యి తీయి" అంటాడు. అట్ట టికెట్ల నంబర్లు చూస్తాడు, డి.టి.సి. పుస్తకం చూస్తాడు, డబ్బు లెక్కపెడతాడు. డ్యూటీ ఎక్కేటప్పుడు మన జేబులో ఎంత సొంత డబ్బుందో రాసి పెట్టాలి. అది రాయకపోతే అదో గొడవ. కొత్తగా చేరిన రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి ఒకాయన వచ్చాడు. నా క్యాష్‌లో పన్నెండు రూపాయలు ఎక్కువ తేలాయి. తక్కువైతే కదా తప్పు అనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి, ఎక్కువైనా తప్పేనయ్యా, ఎవరి చిల్లరో ఇవ్వకుండా ఉంచుకున్నావన్న మాట అన్నాడు. నిజమే. రద్దీలో ఎవరికో చిల్లర ఇవ్వలేదు. అతను బండెక్కి పోయాడు. ఆ పన్నెండు రూపాయలు సర్కారు ఖాతాలో పడ్డాయి గాని ఆ మనిషికి చేరలేదు. ఇది ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

(ఇక్కడో చిన్న పక్కదారి. మన పురుషోత్తంపూర్ దగ్గర జౌగడ రాతి శాసనం ఉంది కదా, అశోకుడిది. చాలామంది తారాతారిణి కొండకి వెళ్ళి అటు నుంచి అటే తిరిగొచ్చేస్తారు, దాన్ని చూడరు. కళింగంలోని తన అధికారులకు ఆయన అందులో చెప్పిందేమిటంటే, సోమరితనం, తొందరపాటు, కోపం మానుకోండి, అయిదేళ్ళకోసారి ఒక పెద్ద అధికారిని తనిఖీకి పంపుతాను అని. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దపు టి.ఐ.ఎ. అన్న మాట. కాకపోతే ఆయన గడువు ముందే చెప్పేశాడు. మా వాళ్ళు చెప్పరు.)

ఇప్పుడు అసలు సంగతి. 1999.

ఆ ఏడు అక్టోబరు 17న మన గంజాం మీద తుపాను పడింది. బయటివాళ్ళకి గుర్తుండదు. పన్నెండు రోజుల తర్వాత, 29న, పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్ వచ్చి దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ పెద్ద దుఃఖంలో మన చిన్న తుపాను మునిగిపోయింది. కానీ ఇక్కడ రేకులు ఎగిరిపోయాయి, చెట్లు కూలిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. రెండు తుపాన్లు, పైగా లెక్కకి 2000 సంవత్సరం రాబోతోంది. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని పేపర్లలో రాస్తున్నారు. సరిగ్గా అప్పుడు ఎక్కడి నుంచో ఒక బోధకుడు వచ్చి పందిరి వేసి మీటింగులు పెట్టాడు. పేరు వద్దు. ఈ డిసెంబరు 31 దాటదు, కొత్త సంవత్సరం క్యాలెండర్ కొనకండి అన్నాడు. బల్ల మీద కొట్టి మరీ చెప్పాడు. బైబిల్లోంచి అంకెలు తీసి, కూడి, గుణించి బోర్డు మీద చూపించాడు. నాకు లెక్కలంటే ఇష్టం కదా, నేనూ కూర్చుని చూశాను. కూడిక మాత్రం తప్పు లేదు.

మా బావమరిదికి సైకిల్ షాపు ఉండేది. మంచివాడు, చేతిలో పని ఉన్నవాడు, ఎవరైనా గట్టిగా చెప్తే నమ్మేస్తాడు. ఆ మాట పూర్తిగా నమ్మాడు. ఎగిరిపోయిన పైకప్పు మళ్ళీ వేయలేదు, ఒక ప్లాస్టిక్ పట్టా కట్టి ఊరుకున్నాడు. షాపు సగం రోజులు మూసేసేవాడు. అంతవరకు అయితే ఎలాగో సర్దుకునేది. అతని కూతురు, నా మేనకోడలు, అప్పుడు మెట్రిక్ చదువుతోంది. పరీక్ష ఫారం నింపి ఫీజు కట్టే రోజులు వచ్చాయి. మార్చిలో పరీక్ష, డిసెంబరులో ప్రభువే వస్తుంటే ఫీజు దేనికి అన్నాడు.

ఆ పిల్ల ఒక్కతే బస్సెక్కి బరంపురం వచ్చింది. నేను డ్యూటీలో ఉంటే స్టేషనుకే వచ్చి కౌంటర్ వెనక నిలబడింది. "మామయ్యా, నువ్వు చెప్తే నాన్న వింటాడు. ఒక్కసారి వచ్చి చెప్పు" అంది. వస్తానమ్మా అన్నాను. టీ, బన్ను తెప్పించి పెట్టి సాయంత్రం బస్సు ఎక్కించాను.

వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో ఇన్నేళ్ళుగా నాకు నేను ఎన్నో కారణాలు చెప్పుకున్నాను. డ్యూటీలు ఖాళీ లేవు, తుపాను తర్వాత స్టాఫ్ తక్కువ. అవన్నీ నిజాలే. కానీ అసలు నిజం వేరు. నాకూ సగం భయం. ఒకవేళ నిజమైతే? పైగా చర్చిలో పెద్దగా ఉన్నవాణ్ణి, ప్రభువు రావడం లేదు ఫీజు కట్టు అని నేనే చెప్తే, ఇతనికి విశ్వాసం లేదు అనుకోరా? పోనీ, నా జేబులోంచి ఫీజు కట్టేయొచ్చు కదా. నెల జీతం తీసుకునేవాణ్ణి. అది కూడా చేయలేదు. అలా చేస్తే నేను ఎటువైపో తేలిపోతుందని.

డిసెంబరు 31 రాత్రి నాకు నైట్ డ్యూటీ. ఆ పూట చర్చిలో జాగరణ ప్రార్థన. మావాళ్ళంతా అక్కడ. పన్నెండు కొట్టింది. బయట కుర్రాళ్ళు టపాసులు కాల్చారు. నేను లేచి డేటింగ్ మెషీన్లో అచ్చులు మార్చాను. 31 తీసి 1, 99 తీసి 00. రెండు సున్నాలు పక్కపక్కన పెట్టడం అదే మొదలు. చెయ్యి కొంచెం వణికిన మాట నిజం. పది నిమిషాలకి దుప్పటి కప్పుకున్న ముసలాయన వచ్చి "బాబూ, ఇచ్ఛాపురం ఒకటి" అన్నాడు. ఏదో లేటుగా నడుస్తున్న పాసింజరు కోసం. మెషీన్లో టికెట్ పెట్టి నొక్కాను, టక్కుమంది, ఇచ్చాను. చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను. అంతే. లోకం నడుస్తోంది. ఆ పిల్ల ఫీజు గడువు మాత్రం ఎప్పుడో దాటిపోయింది.

మరుసటి ఏడు రాస్తానంది. ఆ ఏడు వాళ్ళమ్మకి జబ్బు చేసింది. 2001లో పెళ్ళి చేసేశారు. మెట్రిక్ రాయలేదు, ఇప్పటికీ.

మా బావమరిది జనవరి ఒకటో తేదీ పొద్దున్నే షాపు తెరిచాడట. ఎదురుగా కూర్చున్న వాళ్ళు "ఏటి, ఇంకా ఇక్కడే ఉన్నావేటి?" అని నవ్వారట. అతను మాట్లాడకుండా ఒక ట్యూబుకి పంచరు వేశాడట. ఆ తర్వాత రెండేళ్ళు చర్చికి రాలేదు. ఆ బోధకుడు మళ్ళీ ఈ దిక్కుకి రాలేదు.

ఇలాంటి లెక్క మన ఊళ్ళోనే మొదలైంది కాదు. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు, బోధకుడు కూడా, లెక్క వేశాడు. చివరికి ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22 అని తేల్చారు. వేలమంది నమ్మారు, కొందరు చేలో పంట కోయకుండా వదిలేశారు. ఆ రాత్రి తెల్లారింది. 2011లో కూడా, మీకు గుర్తుండే ఉంటుంది, హెరాల్డ్ కాంపింగ్ అనే రేడియో బోధకుడు మే 21 అన్నాడు. అది దాటాక అక్టోబరు 21 అన్నాడు. ఆయన చదువుకున్నది ఇంజనీరింగు. తర్వాతి ఏడు నేను తప్పు చేశానని ఒప్పుకున్నాడు, అది మెచ్చుకోవాలి. ఇంకా వెనక్కి పోతే పౌలు కాలంలోనే, తెస్సలొనీక ఊళ్ళో, ప్రభువు వచ్చేస్తున్నాడని కొందరు పనులు మానేసి పరుల జోలికి పోయారు. పౌలు వాళ్ళని గట్టిగానే మందలించాడు. అంటే ఈ జబ్బు మొదటి శతాబ్దం నుంచీ ఉంది, మందు కూడా అప్పటి నుంచే ఉంది.

సెక్రటరీ గారూ, మీ ప్రశ్నకి వస్తున్నాను.

ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని, తనకు కూడా తెలియదని యేసే చెప్పాడు. కుమారుడికే తెలియని తేదీ పందిట్లో బోర్డు మీద ఎలా తేలుతుంది? ఈ చిన్న ప్రశ్న ఆ రోజు నాకు తట్టలేదు. తట్టినా నోరు విప్పలేదు.

అది చెప్పిన చోటే, మత్తయి సువార్త 24, 25 అధ్యాయాల్లో, మెలకువగా ఉండమని చెప్తూ కొన్ని కథలు ఉన్నాయి. అందులో పదిమంది కన్యకల కథ మీరు కూడా విని ఉంటారు. పెళ్ళికొడుకు కోసం దీపాలు పట్టుకుని ఎదురుచూస్తారు, అయిదుగురు బుద్ధిగలవాళ్ళు, అయిదుగురు బుద్ధిలేనివాళ్ళు. నేను ఎన్నో ఏళ్ళు బుద్ధిలేనివాళ్ళు నిద్రపోయారు అనుకున్నాను. సరిగ్గా చదివితే పదిమందీ నిద్రపోయారు! పెళ్ళికొడుకు ఆలస్యం చేశాడు, అందరికీ కునుకు పట్టింది. తేడా నూనె దగ్గర వచ్చింది. దానికి ముందే ఇంకో కథ ఉంది. యజమాని ఊరికి వెళ్తూ ఇంటి మీద ఒక దాసుణ్ణి పెట్టి వెళ్తాడు. అతని పని ఏమిటి? గుమ్మంలో నిలబడి దారి చూడటం కాదు. ఇంట్లో వాళ్ళకి వేళకి అన్నం పెట్టడం. యజమాని తిరిగొచ్చేసరికి ఆ పని చేస్తూ కనబడ్డవాడే నమ్మకమైన దాసుడు. యజమాని ఎలాగూ ఆలస్యం చేస్తున్నాడు కదా అని తోటివాళ్ళని కొట్టినవాడు రెండోవాడు.

వేళకి అన్నం. నా దగ్గరకు ఒక పిల్ల బస్సెక్కి వచ్చి అడిగింది అదే కదా. పరీక్ష ఫారానికి వేళ ఉంటుంది, అది దాటితే పెట్టినా ఒకటే పెట్టకపోయినా ఒకటే. ఆ నవంబరులో మేమందరం ఆకాశం వైపు చూస్తున్నాం, ఇంట్లో పిల్లకి వడ్డించేవాడు లేడు. మా బావమరిది అయినా నమ్మి చేశాడు. నేను నమ్మకుండా చేశాను. నాది పెద్ద తప్పు.

తెలుగు బైబిల్లో మెలకువ అని ఉంటుంది. తమిళంలో 'విళిత్తిరు', విళి అంటే కన్ను, కన్ను తెరిచి ఉండు అని. ఒడియాలో జాగి ఉండటం. మన ఊళ్ళో శివరాత్రిని జాగర అనే అంటారు కదా. ఒక ఏడాది పక్కింటి వాళ్ళ అరుగు మీద నేనూ కూర్చున్నాను, గుడి మీద మహాదీపం ఎక్కేవరకు. పిల్లలు పన్నెండు కాకముందే పడిపోయారు. పక్కింటి ముసలావిడ మాత్రం తను కన్ను మూయకుండా, పడుకున్న పిల్లలకి ఒక్కొక్కరికే దుప్పటి కప్పుతూ తిరిగింది. ఆవిడకి బైబిలు తెలీదు. ఆ దాసుడి కథ చదివినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది. ఇది మా చర్చిలో చెప్తే కొందరు నొచ్చుకుంటారేమో, ఇక్కడ చెప్పొచ్చు.

మన ప్రాంతంలోనే ఇంకొకాయన ఉన్నారు, పురుషోత్తమ చౌధరి గారు. మన ఊరి పేరే ఆయన పేరు, సంబంధం మాత్రం లేదు. 1803లో పర్లాకిమిడి వైపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, తెలుగులో ఎన్నెన్నో కీర్తనలు రాశారు. మా అమ్మ నాకు అక్షరాలు నేర్పిన కీర్తనల పుస్తకంలో ఆయనవి చాలా ఉన్నాయి. 1890లో పోయారు. అంటే బాప్తిస్మం తర్వాత యాభై ఏడేళ్ళు. ఆయన కూడా రాకడ కోసం ఎదురుచూసినవారే. ఆ యాభై ఏడేళ్ళూ నడిచారు, బోధించారు, పాటలు కట్టారు. నూట ముప్పై అయిదేళ్ళ తర్వాత ఇంకా ఆదివారం ఆ పాటలే పాడుతున్నాం.

నమ్మకంగా ఉండటం అనే మాట మీద నేను ఎక్కువ చెప్పలేను. 2008లో కంధమాల్ కొండల మీద ఇళ్ళు, గుళ్ళు కాలిపోయి కట్టుబట్టలతో దిగివచ్చిన వాళ్ళని చూశాను. వాళ్ళ ముందు నా విశ్వాసం పెన్షన్ విశ్వాసం. అంతకంటే రాయను.

2013 అక్టోబరు 12, ఫైలిన్. గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అప్పుడు సంగతి వేరు. నాలుగైదు రోజుల ముందు నుంచి ఎక్కడ, ఎప్పుడు అన్నీ చెప్పేశారు, పది లక్షలమందిని ఖాళీ చేయించారు, అందుకే అంత గాలికీ ప్రాణాలు మిగిలాయి. నేను స్టేషన్లోనే చిక్కుకున్నాను, బండ్లు ఆపేశారు. మధ్యాహ్నం మేనకోడలికి ఫోన్ చేస్తే ఆయాసంతో మాట్లాడింది. తన స్వయం సహాయక బృందం ఆడవాళ్ళతో కలిసి ముసలివాళ్ళని బడికి చేరుస్తోంది. గిన్నెలు, బియ్యం అక్కడికే మోసుకెళ్ళారు. "నాన్న ఎక్కడ?" అన్నాను. "కప్పు మీద ఉన్నాడు మామయ్యా. మనది కట్టేశాడు, ఇప్పుడు పక్కవాళ్ళది కడుతున్నాడు. దిగమంటే దిగట్లేదు" అంది. పద్నాలుగేళ్ళ కిందట పట్టా కట్టి ఊరుకున్న మనిషి, సైకిల్ ట్యూబులు కోసి తాళ్ళుగా పేని నాలుగు ఇళ్ళ రేకులు కట్టాడు ఆ రోజు.

అప్పటికి చర్చికి మళ్ళీ వస్తున్నాడు లెండి. వెనక బెంచీలో కూర్చునేవాడు. రాకడ మీద ప్రసంగం వచ్చినప్పుడు తల దించుకునేవాడు. అయిపోయాక అందరూ వెళ్ళేవరకు ఆగి చాపలు చుట్టేవాడు. 2020 ఆగస్టులో, గంజాం అంతా కరోనాతో అల్లాడుతున్నప్పుడు, జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. మట్టి వేయడానికి అయిదుగురం వెళ్ళాం.

తర్వాత షాపులో అతని నోటు పుస్తకం దొరికింది. నాకు తెలిసి అతనికి లెక్కలు రాసే అలవాటే లేదు. ఎప్పుడు మొదలుపెట్టాడో! తను ఎవరికి ఎంత ఇవ్వాలో అన్నీ రాసుకున్నాడు. టైర్ల షాపు, పాలు, మందుల షాపు. ఒక్కొక్కటీ తీర్చిన తేదీ వేసి అడ్డంగా కొట్టేశాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను చూసిన డి.టి.సి. పుస్తకాల్లో కూడా అంత శుభ్రంగా ఉన్నవి తక్కువ. కొట్టేయనిది ఒకే ఒక్క పద్దు ఉంది. 'అమ్మాయికి, పరీక్ష ఫీజు' అని. ఎదురుగా అంకె లేదు. నా మేనకోడలు అది చూసి పుస్తకం మూసి కొంగులో పెట్టుకుంది. నాకు నా పన్నెండు రూపాయలు గుర్తొచ్చాయి. ఆ పద్దు సగం నా పేర రాయాల్సింది.

ఇక్కడికి ఆపేద్దామనుకున్నాను గాని తాబేళ్ళ సంగతి చెప్పకుండా ఉండలేను.

మన ఋషికుల్య సముద్రంలో కలిసే చోట పురుణబంధ ఊరుంది. అక్కడి నోలియాలు చాలామంది తెలుగువాళ్ళే. నాకు తెలిసిన కుర్రాడొకడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాత్రులు తాబేళ్ళ కాపలాకి వెళ్తాడు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల్లో వచ్చి గుడ్లు పెట్టే తీరం అది. ఏ రాత్రి వస్తాయో ఎవరూ చెప్పలేరు. గాలి మళ్ళిందంటారు, చంద్రుణ్ణి చూస్తారు, అయినా తప్పుతుంది. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. 2024లో ఆ గుంపు అసలు రాలేదు. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ దాదాపు ఏడు లక్షలు. ఆ ఫిబ్రవరిలో ఒక రాత్రి అతనితో నేనూ వెళ్ళాను. లైటు వేయకూడదు, మాట్లాడకూడదు. కాలు ఎక్కడ పెట్టాలన్నా చూసుకోవాలి.

"రాని ఏడు ఏం చేశారు?" అని గుసగుసగా అడిగాను.

"ఏటి చేస్తాం బాబాయ్, రోజూ వచ్చినాం. కుక్కల్ని తోలినాం. ఒడ్డు శుభ్రం చేసినాం. వొచ్చినయ్యనుకో, అప్పుడు శుభ్రం చేయడానికి టైముంటదా?"

గుడ్లు పెట్టి తల్లులు వెళ్ళిపోయాక కూడా పని అయిపోదు. నెలన్నర, ఇంకా పైన, కాపలా ఉండాలి. పిల్లలు పుట్టి ఊరి దీపాల వైపు తప్పుదారిన పాకుతుంటే గంపల్లో ఎత్తుకుని నీళ్ళ దగ్గర వదలాలి. అతను చెప్తూనే ఉన్నాడు, నేను ఆ చీకట్లో 1999 గురించి ఆలోచిస్తూ నడిచాను.

సెక్రటరీ గారూ, లేటు బండి సంగతి. చలికాలం మంచులో బండి పది గంటలు లేటైన రోజులు మీకూ తెలుసు. అలాంటప్పుడు ప్రయాణికులు కౌంటర్ దగ్గరకొచ్చి నా మీద అరిచేవాళ్ళు, ఎప్పుడొస్తుందో చెప్పు అని. నాకు తెలిస్తే కదా. ఆ పదిగంటలు నేను చేయగలిగింది టికెట్లు ఇవ్వడం, నీళ్ళ కుళాయి పనిచేస్తోందో లేదో చూడటం, పిల్లలతో ఉన్నవాళ్ళకి వెయిటింగ్ రూము తాళం తీయడం. వస్తుందని మాత్రం తెలుసు. రాదనుకుంటే టికెట్ అమ్మేవాణ్ణి కాదు. ఇంతకంటే నా దగ్గర జవాబు లేదు.

మొన్న నవంబరులో మేనకోడలి ఇంటికి వెళ్ళాను. ఇరవై ఆరేళ్ళుగా నోట్లో ఉన్న మాట ఆ రోజు చెప్పాను. "ఆ రోజు వస్తానని రాలేదమ్మా. వచ్చి ఉంటే నువ్వు పరీక్ష రాసేదానివి. తప్పు నాది" అన్నాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. కాసేపటికి "నాకు తెలుసు మామయ్యా" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

కొంచెం సేపయ్యాక లోపలికి వెళ్ళి, కూతురి బడి సంచిలోంచి ఒక కాగితం తెచ్చింది. ఆ పిల్ల ఈసారి మెట్రిక్. బడివాళ్ళు వివరాలు నింపి, ఫీజుతో పాటు తెమ్మన్నారట. "నీ చేతిరాత బాగుంటుంది కదా, నువ్వే నింపు" అంది. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరం, పిల్ల పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రాశాను. ఫీజు నేనిస్తానంటే ఒప్పుకోలేదు, సగం అంటే ఒప్పుకుంది. గడువుకి ఇంకా నాలుగు రోజులుంది. అయినా ఆ మధ్యాహ్నమే ముగ్గురం బడికి నడిచివెళ్ళి, కట్టేసి, రసీదు తీసుకున్నాం.